‘నేను కాదు’ అనే ఇల్లు

ఆ ఇంట్లో ఏదైనా వస్తువు కింద పడితే, దాని చప్పుడు పూర్తిగా ఆగకముందే రెండు గదుల్లోంచి రెండు గొంతులు “నేను కాదు” అంటాయి. ఒకటి ఇంటాయనది, రెండోది కూతురిది. ఎవరూ అడగనక్కర్లేదు. కుక్కర్ మూత జారినా, గాలికి తలుపు కొట్టుకున్నా, పక్కవాటాలో గ్లాసు పగిలినా సరే, ముందు ఆ మాట అనేసి తర్వాత ఏమైందో చూసుకుంటారు. చుట్టపుచూపుగా వచ్చిన ఇంటాయన చెల్లెలికి కూడా రెండో రోజుకల్లా ఆ అలవాటు అంటుకుంది. వెళ్లిపోయాక వాళ్ల ఇంట్లో ఏదో పడితే “నేను కాదు” అని గట్టిగా అరిచి, మొగుడు వింతగా చూస్తుంటే సిగ్గుపడిందట.

ఇంత భయం దేనికంటే, ఆ ఇంటావిడ నోట్లోంచి వచ్చే మొదటి మాట “ఎవరు?” అన్నది. ఎవరు కుళాయి వదిలేశారు, ఎవరు లైటు ఆర్పలేదు, ఎవరు పంచదార డబ్బా మూత వంకరగా పెట్టారు. జవాబు దొరికేదాకా ఆవిడ ఊరుకోదు. ఆ పంచదార మాట ఎలా ఉన్నా, దొరికినవాడి పని మాత్రం అయిపోయినట్టే.

తమాషా ఏమిటంటే, ఆవిడ ఉద్యోగం విమాన ప్రమాదాల మీద విచారణ చేయడం. ఆ శాఖలో ఆవిడకున్న పేరు ఇంకెవరికీ లేదు. ఆ పనికి బోలెడు రూల్స్ ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒక రూలుంది. విచారణ జరిపేది అలాంటిది మళ్లీ జరగకుండా చూడటానికే తప్ప, తప్పెవరిదో తేల్చి మెడకు చుట్టడానికి కాదు. పద్ధతుల పుస్తకం తయారైనప్పుడు ఈ ముక్కను మొదటి పేజీలో లావు అక్షరాలతో వేయించింది ఆవిడే. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు, “ఎవరు అన్న మాటను ఈ గది గుమ్మం బయట వదిలేసి రండి” అంటుంది. వాళ్లు బుద్ధిగా వదిలేసి వస్తారు. ఆవిడ మాత్రం సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర పడున్న ఆ ‘ఎవరు’లన్నీ ఏరుకుని సంచిలో వేసుకుని వస్తుందని కూతురి అభియోగం. ఆఫీసులో ఆవిడకు ఎందుకమ్మ అని పేరు. ఇంట్లో కూతురు పెట్టిన పేరు ఎవరమ్మ.

ఇంటాయన పని కూడా విమానాల దగ్గరే. నారింజరంగు బ్యాట్లు రెండు పట్టుకుని, నేల మీదికి దిగి వచ్చిన విమానం ముందు నిలబడి, ఇటు, ఇంకాస్త ఇటు, మెల్లగా, ఇక చాలు అని పైలట్‌కు చేతులతోనే చెబుతూ దాన్ని నిలపాల్సిన చోట నిలబెట్టిస్తాడు. మీసం రాని రోజుల నుంచీ అదే పని. ఆయన రెండు చేతులూ తల మీదికి లేపి అడ్డంగా పెట్టాడంటే అంతలావు విమానమూ ఆగిపోవాల్సిందే. అందుకే అక్కడ అందరూ ఆయన్ని చేతులాయన అంటారు. ఇంట్లో మాత్రం ఆ చేతులకు అంత పలుకుబడి లేదు.

ఒక మధ్యాహ్నం ఎందుకమ్మ టేబుల్ మీద ఫోన్ మోగింది. విమానం ఒకటి నిలిపే చోటికి వస్తూ, అక్కడున్న నిచ్చెన బండికి, అంటే ప్రయాణికులు దిగడానికి తెచ్చే మెట్ల బండికి, రెక్క కొసను రాసుకుంది. కొస నలిగింది, దాని మీది లైటు పగిలింది.

ఆవిడ ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్నే అడిగింది. “ఎవరికైనా దెబ్బ తగిలిందా?”

“చెప్పుకోదగ్గవి లేవు మేడమ్.”

“ఏదీ కదిలించలేదు కదా? ఎక్కడివక్కడే ఉంచండి.”

“ఉంచాం మేడమ్. కానీ...” అవతలి మనిషి నసిగాడు. “విమానం ముందు నిలబడింది మీ సారే.”

ఎందుకమ్మ ఫోన్ పెట్టేసింది. రూలు ఆవిడకు తెలియనిదా? అయినవాళ్లు ఉన్న కేసును ముట్టుకోకూడదు. తేలేదాకా దాని గురించి వాళ్లతో ఒక్క మాట మాట్లాడకూడదు. లేచి పక్క గదిలోకి వెళ్లి కేసును నత్త చేతిలో పెట్టింది.

నత్త అంటే ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అధికారి. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. సంతకం పెట్టేముందు కూడా పెన్ను వంక ఒకసారి చూసి, కాగితం వంక ఒకసారి చూసి, అప్పుడు పెడతాడు. ఆ పేరు పెట్టిందీ, ఊరంతా చాటిందీ ఆవిడే. ఇప్పుడు తన మొగుడి బతుకు ఆ నత్త నడక మీద ఆధారపడింది.

బతుకు అన్నది ఊరికే అన్న మాట కాదు. విమానాలు నిలిపే చోటు మేనేజర్ అప్పటికే తీర్పు చెప్పేశాడు. “ఆయన చూసుకోలేదు, అంతే. దీనికి విచారణ ఎందుకు?” అని కనిపించినవాళ్లందరితో అంటున్నాడు. చేతులాయన దగ్గర బ్యాట్లూ పర్మిట్టూ తీసేసుకుని, ప్రయాణికులు పోగొట్టుకున్న పెట్టెలు ఉంచే గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. విచారణలో కూడా ‘చూసుకోలేదు’ అనే తేలితే ఆ బ్యాట్లు ఇక తిరిగి రావు.

ఆ సాయంత్రం చేతులాయన కుడికాలు కాస్త ఈడుస్తూ ఇంటికొచ్చాడు. ఎందుకమ్మ చూసింది. చూసి, ఏమైందని అడగబోయి నాలుక కరుచుకుంది. కాలికి ఎలా తగిలిందంటే అది ఆ విమానం దగ్గరి సంగతవుతుంది, అంటే కేసులో భాగమవుతుంది. కేసు గురించి మాట్లాడకూడదు. మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని, ఒకరి కంచం ఒకరు చూసుకుంటూ తిన్నారు.

“నాన్నా, కాలికేమైంది?” అంది కూతురు.

“ఏం లేదమ్మా.”

ఎందుకమ్మ మంచినీళ్లు తెచ్చుకుంటానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నిండు నీళ్ల జగ్గు ఆవిడ కంచం పక్కనే ఉంది.

అలా ఒక రోజు కాదు, వారమంతా నడిచింది. ఎలా జరిగింది, బండి ఎక్కడుంది, రెక్కకు ఏదీ తగలకుండా చూస్తూ దాని పక్కన నడవాల్సిన మనిషి ఏమయ్యాడు? ప్రశ్నలన్నీ ఎందుకమ్మ పళ్ల వెనక వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి జారినా మిగతావన్నీ తోసుకుంటూ వచ్చేస్తాయి. అందుకని అసలు నోరే కట్టేసుకుంది. కావలసినవన్నీ కూతురి ద్వారానే నడిపిస్తోంది.

“మీ నాన్నను ఉప్పు ఇటు ఇమ్మను.”

“అమ్మా, నాన్నతో మాట్లాడకూడదని రూలా, కేసు గురించి మాట్లాడకూడదని రూలా?”

“కేసు గురించే.”

“మరి ఉప్పు నువ్వే అడగొచ్చుగా?”

“ఉప్పుతో మొదలుపెడితే ఎక్కడ తేలతానో నాకే తెలియదు. నా సంగతి నాకు తెలుసు.”

చేతులాయన ఉప్పు జరిపాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక కూతురు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. “అమ్మా, ఎల్లుండి నాన్నను విచారణకు పిలిచారు. ఏమీ చూడలేదని చెప్తాడట.”

“నాకు చెప్పకు!” ఎందుకమ్మ సబ్బు చేతులతోనే చెవులు మూసుకుంది. కానీ అప్పటికే విననే విన్నది.

“నిజం చెబితే ఎవరూ ఏమీ అనరు, రూలు అలాగే ఉంది కదా నాన్నా అన్నాను. దానికేమన్నాడో తెలుసా? ‘ఆ రూలు రాసినావిడతోనే కదమ్మా నేను కాపురం చేస్తున్నది’ అన్నాడు.”

ఎందుకమ్మ చేతులు దించింది. చెవుల దగ్గర సబ్బు నురగ అలాగే ఉంది. కూతురు నవ్వుదామనుకుంది గానీ తల్లి మొహం చూసి మానేసింది.

ఆవిడకు సిగ్గేసింది. అంతకుమించి భయమేసింది. చూడకపోవడమేమిటి, ఆయన కళ్ల సంగతి ఆవిడకు తెలియదా? ఆ మూల పడున్న మేకును ఈ మూల నుంచే పట్టేసే మనిషి. చూడలేదని చెబితే ఆ మాటే మేనేజర్‌కు కావలసింది. చూసిందేమిటో, ఆపలేకపోయిందెందుకో చెబితేనే అసలు కారణం బయటికొస్తుంది, ఆయనా బయటపడతాడు. ఈ మాట ఆయనకు ఎవరైనా చెప్పొచ్చు, ఒక్క తను తప్ప. పోనీ ఇంకెవరైనా చెప్పినా ఆయన నమ్మడు. నమ్మకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది, చెవుల నిండా నురగతో.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే నత్త గదిలోకి వెళ్లింది.

“ఒక మాట అడగాలి.”

“కేసు గురించైతే వద్దు మేడమ్. మీరే నేర్పారు.”

“కేసు కాదయ్యా, కాలు. మా ఆయన కాలు ఈడుస్తున్నారు. ఎలా తగిలిందో అందులో వస్తుందేమోనని ఇన్నాళ్లూ అడగలేదు. అడగొచ్చా?”

నత్త ఆలోచించకుండా జవాబు చెప్పడం ఆవిడ చూసింది అదే మొదటిసారి.

“దెబ్బ తగిలిందా అని అడగడానికి ఏ రూలూ అడ్డు రాదు మేడమ్. అన్నిటికంటే ముందు అడగాల్సిందే అది. అదీ మీరే నేర్పారు.”

ఇన్నాళ్లూ అడగలేదా అని మాత్రం అతను అనలేదు. అనకపోవడమే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం చేతులాయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఎందుకమ్మ వచ్చి ఆయన ముందు నిలబడింది.

“కాలు నొప్పిగా ఉందా?”

“నేను కాదు” అన్నాడాయన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆయనకే నవ్వొచ్చింది. ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. స్టూలు లాక్కుని కూర్చుని ఆయన పాదం తన ఒళ్లో పెట్టుకుంది. మడమ పక్కన వాచి ఉంది.

“ఎలా తగిలిందని అడగను. ఎక్కడ నొప్పో చెప్పండి చాలు.”

“అక్కడే... అబ్బా, మెల్లగా.”

“వారం నుంచీ దీన్ని ఈడ్చుకుంటూ తిరుగుతున్నారా?”

“నువ్వు అడిగితే చెబుదామనుకున్నాను” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆవిడ తలెత్తలేకపోయింది.

సరిగ్గా అప్పుడే పొయ్యి మీద చుయ్యిమంది. లోపలి గదిలోంచి కూతురు “నేను కాదు” అంది. ఎందుకమ్మ ఒక్క ఉదుటున లేచి పొయ్యి కట్టేసింది. గట్టంతా పాలు. చేతులాయన కూర్చున్నచోటే గుడ్డలాగా వాలిపోయి, రాబోయే మాట కోసం కాచుకుని ఉన్నాడు. ఆ మాట ఆవిడ పెదాల దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి, గుడ్డ తీసుకుని గట్టు తుడుస్తూ, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో అడిగింది.

“మనింట్లో పాలు రోజూ ఎందుకు పొంగుతున్నాయంటారు?”

చేతులాయన అనుమానంగా చూశాడు. “ఇది ఇంటి ప్రశ్నా, ఆఫీసు ప్రశ్నా?”

“ఆఫీసు ప్రశ్నే. కానీ పాల గురించే. ఇంకే సంగతీ చెప్పొద్దు.”

ఆయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

“పొంగబోతున్నాయని నాకు ముందే తెలుస్తుంది. అంచు దగ్గర చిన్న కదలిక వస్తుంది. కట్టేద్దామనే అనుకుంటా. ఒకసారి అలాగే కట్టేశాను, గుర్తుందా? పచ్చివాసన పోలేదు, ఎవరు కట్టేశారు అని రెండ్రోజులు సాధించావు. అప్పట్నుంచీ చెయ్యి అక్కడిదాకా వెళ్లి ఆగుతుంది. కట్టాలా, వద్దా, కట్టి ఏమీ లేకపోతే మళ్లీ మాట పడాలా అని. ఆ కాస్తలోనే పొంగుతాయి. అప్పుడు ఎవరు చూసుకోలేదు అంటావు. నేను చూడక కాదు. చూసే ఆగాను.”

తుడుస్తున్న గుడ్డ ఆవిడ చేతిలో ఆగిపోయింది. ఆయన పాల గురించే చెప్పాడు, ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ పోలేదు. అయినా ఆవిడకు కొన్నాళ్ల కిందటి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆయన దీపస్తంభం నీడను చూసి ఏదో అడ్డముందనుకుని ఒక విమానాన్ని ఆపేశాడు. అక్కడేమీ లేదు. మేనేజర్ సంజాయిషీ అడిగాడు. తోటివాళ్లు నీడలాయన అని పేరు పెట్టి పడీపడీ నవ్వారు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి చెబితే తను ఏమంది? “నీడను చూసి ఎవరైనా విమానం ఆపుతారా?” అంది. అందులోనూ ఎవరు ఉంది.

అడగడానికి లేదు. ఓదార్చడానికి అంతకన్నా లేదు. మాట్లాడటానికి మిగిలింది పాల సంగతి ఒక్కటే.

“ఇక నుంచి అనుమానమొస్తే కట్టేయండి” అంది. “ఎవరు అనీ అడగను, ఎందుకు అనీ అడగను. పచ్చివాసన వస్తే వచ్చింది, మళ్లీ వెలిగించుకుంటాం.”

“ఇది రూలా?”

“రూలే.”

“నువ్వు రాసే రూలా, నువ్వు పాటించే రూలా?”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు గుడ్డ పిండి ఆరేసి వచ్చింది.

“పాటించాలని చూస్తున్న రూలు” అంది.

మర్నాడు నత్త ఇంకా కుర్చీలో సర్దుకోకముందే ఆవిడ అతని ముందు నిలబడింది. మొహం తేలు కుట్టిన దొంగలా ఉంది. “నిన్న సాయంత్రం సాక్షితో పాల గురించి మాట్లాడాను. రాసుకో.”

నత్త పెన్ను తీసి దాని వంక చూశాడు. “పొంగాయా మేడమ్?”

“పొంగాయి.”

“ఇంకేమైనా మాట్లాడారా?”

“లేదు. పాలే. చివరిదాకా పాలే.”

అతను నిజంగానే రాసుకున్నాడు. కాగితం వంక ఒకసారి చూసి, ఆవిడ వంక ఒకసారి చూసి, “పాలకూ కేసుకూ సంబంధం కనిపించడం లేదు మేడమ్” అన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, “మా ఇంట్లోనూ పొంగుతాయి” అన్నాడు.

ఆ రోజు చేతులాయన అంతా చెప్పేశాడు. నిచ్చెన బండి తోక, బండ్లు దాటకూడని ఎర్రగీత దాటి బయటికుందని అనుమానం వచ్చింది. రెక్క పక్కన నడిచే మనిషి కోసం చూస్తే అతను లేడు, మనుషులు చాలక ఇంకో విమానం దగ్గరికి పంపేశారు. చేతులు సగం లేచాయి. నీడ గుర్తొచ్చింది, నవ్వులు గుర్తొచ్చాయి, ఒక్క ఊపిరి ఆగాడు. తర్వాత చేతులు అడ్డంగా పెట్టాడు గానీ అప్పటికే రెక్క తగిలింది. అటు పరుగెత్తబోతే కాలు మడతపడింది. నత్త మధ్యలో ఒక్కసారి కూడా ఎవరు అనలేదట. అది వింతగా అనిపించిందని చేతులాయన కూతురితో చెప్పుకున్నాడు. కూతురు తల్లితో చెప్పబోతే ఆవిడ మళ్లీ చెవులు మూసుకుంది, ఈసారి పొడి చేతులతో.

నత్త తన నడకతోనే తన పని ముగించాడు. నివేదిక వచ్చాక మేనేజర్ దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాడు, ఎవరి పేరన్నా దొరుకుతుందేమోనని. ఒక్క పేరూ లేదు. తన పేరు కూడా లేనందుకు మాత్రం గుండె మీద చెయ్యేసుకున్నాడట. చెయ్యాల్సిన పనులు రెండే ఉన్నాయి. రెక్క పక్కన మనిషి లేకుండా విమానాన్ని లోపలికి రానివ్వకూడదు. అనుమానం వచ్చి విమానం ఆపినవాణ్ణి, తీరా అక్కడేమీ లేకపోయినా, సంజాయిషీ అడగకూడదు.

అందరితో పాటే ఎందుకమ్మా దాన్ని చదివింది. రెండో దాని దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుంది. నత్త గది ముందు నుంచి వెళ్తూ లోపలికి తొంగిచూసి, “బాగా రాశావు” అంది. ఆవిడ నోట అంత చిన్న మెచ్చుకోలు, ఏ వంకా పెట్టకుండా, అతను ఎప్పుడూ వినలేదు.

చేతులాయనకు బ్యాట్లు తిరిగొచ్చాయి. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, గోడతో చెబుతున్నట్టుగా అన్నాడు.

“ఇవాళ ఒక విమానం ఆపాను.”

“ఊఁ.”

“తీరా చూస్తే గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి.”

ఎందుకమ్మ నోటి దాకా ప్రశ్నలు తోసుకొచ్చాయి. సంచి అక్కడికెలా వచ్చింది, దాన్ని ఎవరు పారేశారు... మింగింది. ఇంకోసారి మింగింది.

“సరే. కాళ్లు కడుక్కుని రండి” అంది. అని, తన ఘనకార్యాన్ని ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూసుకుంది. కూతురు గది గుమ్మంలోంచి బొటనవేలు ఎత్తి చూపించింది.

ఆయన వంటింట్లోకి వెళ్లాడు. కాసేపటికి లోపల ఫెళ్లుమంది.

“నేను కాదు” అంది కూతురు, గుమ్మంలో కళ్లెదుటే నిలబడి కూడా.

వంటింట్లోంచి ఇంకో గొంతు వచ్చింది. “నేనే.”

ఆ మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. ఎందుకమ్మ వట్టి కాళ్లతోనే వంటింటి వైపు పరుగెత్తింది. నేల మీద ముక్కలు. పద్ధతుల పుస్తకం అచ్చయిన రోజున ఆఫీసువాళ్లు ఇచ్చిన గాజు కప్పు, ఇన్నేళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వని కప్పు. “ఎవ...” అని నోరు తెరుచుకుంది.

చేతులాయన రెండు చేతులూ తల మీదికి లేపి అడ్డంగా పెట్టాడు. వెనకాడలేదు, ఊపిరి కూడా తీసుకోలేదు.

ఆవిడ ఎత్తిన పాదం ఎత్తినట్టే ఆగిపోయింది. ఎందుకని అడగలేదు. తర్వాత కిందికి చూస్తే, ఆ పాదం పడబోయే చోట గాజుపెంకు ఒకటి నిలువుగా మెరుస్తోంది.

“మీకు దెబ్బేమైనా తగిలిందా?” అంది.